ఉపాధ్యాయుని స్వేచ్ఛ – తల్లిదండ్రుల హక్కు

గత సంవత్సరము జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ఒక పెద్దమనిషి నన్నొక ప్రశ్న అడిగిరి. “కంపెనీలలో పనినిబట్టి జీతము ఇత్తురు గదా! బడిలో పిల్లల మార్కులనుబట్టి ఉపాధ్యాయులకు జీతము ఏల ఇయ్యరాదు?” సభలో పలువురు తలలూపిరి. బిడ్డలను మాకప్పగించినవారికి లెక్క అడుగు హక్కు తప్పక కలదు. నాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1862లో ఇంగ్లండు ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలల గ్రాంటును పిల్లల హాజరుతోను, పరీక్షా ఫలితములతోను ముడిపెట్టెను. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, వ్రాత, లెక్కలు పరీక్షించును. బిడ్డ ఒక విషయములో తప్పినచో బడికి కొంత సొమ్ము తగ్గును. అంతట బడులు పరీక్షకు వచ్చు మూడింటినే పట్టుకొని, తక్కిన వానిని వెనుకకు నెట్టినవి. పిల్లలు పుస్తకమును కంఠస్థము చేసిరి. కవియు, స్వయముగా పాఠశాలల ఇన్‌స్పెక్టరును అయిన మాథ్యూ ఆర్నాల్డు ఈ పద్ధతి బోధనను యంత్రప్రాయము చేయుచున్నదని విమర్శించెను. 1890 నుండి సడలి, ఆ శతాబ్దము ముగియకముందే ఆ పద్ధతి అంతరించెను. మన మదరాసు రాజధానిలోను ఆ కాలమున ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు ఆచారము ఉండెడిది.

మన కాలపు సంగతి చూడుడు. అమెరికాలోని అట్లాంటా నగరమున మార్కుల లక్ష్యములకై పాఠశాలలపై తీవ్రమైన ఒత్తిడి పెట్టిరి. 2011లో వెలువడిన విచారణ నివేదికలో 44 పాఠశాలలయందు అక్రమములు జరిగినట్లును, 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు అందు పాల్గొన్నట్లును తేలెను. పిల్లల జవాబులను చెరిపి దిద్దినవారును వారిలో ఉండిరి. మార్కులు పెరిగినవి, చదువు పెరుగలేదు.

పరుల తప్పులే చెప్పుట న్యాయము కాదు. కొన్నేండ్ల క్రితము నేనును ఏ వారము ఏ పాఠము ముగియవలెనో ఒక పట్టిక వ్రాసి గోడకు అంటించితిని. అందరును దానిని తు.చ. తప్పక పాటించిరి. నాలుగవ తరగతిలో ఒక బాలికకు ఒత్తులు చదువుట రాదని సంవత్సరాంతమున గాని నాకు తెలియలేదు. ఉపాధ్యాయినిని అడిగితిని. “సెప్టెంబరులోనే తెలుసు సార్. ఆగితే మీ పట్టిక తప్పుతుంది” అని ఆమె బదులిచ్చెను. ఆ పట్టికను నా చేతులతోనే చింపితిని.

మనవంటి బడిలో ఈ సంగతి మరింత ముఖ్యము. బిడ్డ ఇంట తెలుగు, వీధిలో తమిళము వినును. హోసూరు ప్రాంతమున కన్నడమును తోడగును. ఇంటి తెలుగు వేరు, పుస్తకపు తెలుగు వేరు. ఏ బిడ్డ ఏ మాటవద్ద ఆగెనో ఎదుట నిలిచిన ఉపాధ్యాయునికే తెలియును. అచ్చట రెండు దినములు ఆగు స్వేచ్ఛ అతనికి ఉండవలెను.

స్వేచ్ఛ యనగా ఇచ్చవచ్చినట్లు ఉండుట కాదు. ఏమి నేర్పవలెనో పాఠ్యప్రణాళిక నిర్ణయించును. ఎట్లు నేర్పవలెనో నిర్ణయించుట ఉపాధ్యాయుని వృత్తిధర్మము. 1966లో యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థల ఆధ్వర్యమున ఆమోదింపబడిన సిఫారసుకూడ బోధనాపద్ధతుల ఎంపికలో ఉపాధ్యాయునికి ముఖ్యస్థానము ఉండవలెననియే చెప్పుచున్నది. వేళకు వచ్చుట, నోటుపుస్తకములు దిద్దుట, ప్రతి బిడ్డ స్థితిని ఎరుగుట అతని విధులు. తరగతిలో కూర్చుండి చూచుట, లోపమున్న చెప్పుట, సాయము చేయుట, అప్పటికిని మారనిచో చర్య తీసికొనుట ప్రధానోపాధ్యాయుని విధులు. ఇది గదిలో కూర్చుండి అంకెలు కూడుటకంటె కష్టమైన పని.

ఇక మీరు లెక్క అడుగుట మానవలదు. ప్రశ్న మాత్రము మార్చుడు. “ఎన్ని మార్కులు వచ్చినవి?” అని ఊరకొనక, “మా బిడ్డకు ఇంకను ఏది రాదు? దానికై మీరేమి చేయుచున్నారు?” అని అడుగుడు. బిడ్డ నెరిగిన ఉపాధ్యాయుడు వెంటనే చెప్పగలడు. చెప్పలేనిచో నా గదికి రండు. దానికి జవాబుదారిని నేను.