వరంగల్ నేలకు చవక బూటు

ఎగుడుదిగుడు నేల మీద గంటల తరబడి నడిచేవారి కోసం మందమైన అడుగుతో, మడమను కదలనీయకుండా పట్టి ఉంచే వెనుకభాగంతో తయారయ్యే పాదరక్షను దుకాణాల్లో ట్రెక్కింగ్ బూటు అంటున్నారు. ఒకే ధరకు కొన్న రెండు జతల్లో ఒకటి రెండు మూడు వానకాలాలు తట్టుకోవడం, రెండోది తొలి వానకే నోరు తెరవడం కొనుగోలుదారులకు కొత్త కాదు. తక్కువ ధరలో అన్ని హంగులూ ఇమడవు గనుక తయారీదారు ఏదో ఒకచోట ఖర్చు తగ్గించక తప్పదు. ఆ కోత ఎక్కడ పడిందో, అది పడిన చోటు ఈ ప్రాంతపు నేలకు ముఖ్యమైనదో కాదో కనిపెట్టగలిగితే చవక బూటు విలువ చాలావరకు తేలిపోతుంది.

వరంగల్ చుట్టుపక్కల నేల ఒక్క తీరుగా ఉండదు. కోటలోని ఏకశిల గుట్ట మీద గ్రానైటు బండ, రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఇసుకరాయి, ఊళ్ల చుట్టూ గరుకైన చెల్క నేలలు, వాన పడితే కాలిని వదలని నల్లరేగడి, పాకాల, ఏటూరునాగారం అడవుల్లో ముళ్లు, మేడారం వైపు వాగులు ఉంటాయి. వీటన్నిటి మీదా వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ కాస్తుంది. ఇలాంటి చోట అమ్మే బూటు పెట్టె మీద మంచుకొండ బొమ్మ ఉండటం వింతే గాని, ఆ బొమ్మ ఒక నిజం చెబుతుంది: ఆ బూటుకు నమూనా చలిదేశాల నుంచి వచ్చింది.

ఆ నమూనాతో పాటు వచ్చినదే పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే వాటర్‌ప్రూఫ్ అనే మాట. 1969లో అమెరికాకు చెందిన బాబ్ గోర్, టెఫ్లాన్ జాతి పదార్థాన్ని వేడిచేసి ఒక్క ఉదుటున లాగితే అది సూక్ష్మరంధ్రాల పొరగా మారుతుందని కనుగొన్నాడు. నీటిబొట్టు దూరలేని, చెమట ఆవిరి మాత్రం బయటికి పోగలిగిన ఆ పొరే తరువాత గోర్‌టెక్స్ పేరుతో ప్రసిద్ధమైంది. అయితే ఆవిరి బయటికి కదలాలంటే బూటు లోపలి తేమకూ బయటి గాలిలోని తేమకూ మధ్య తేడా ఉండాలి, శ్రావణమాసపు ఉక్కపోతలో ఆ తేడా బాగా తగ్గిపోతుంది కాబట్టి ఖరీదైన పొర కూడా ఇక్కడ పూర్తి ఫలితం ఇవ్వదు. చవక బూట్లలో సాధారణంగా ఆ పొరకు బదులు ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది వాననూ ఆపుతుంది, చెమటనూ ఆపుతుంది. మేడారం దగ్గరి జంపన్న వాగు వంటి చోట నీరు చీలమండ దాటి పైనుంచి లోపలికి చేరితే, ఆ పూతే నీటిని బయటికి పోనీయక నడిచే మనిషిని కుంటలో నిలబెట్టినంత పని చేస్తుంది. ఉష్ణమండల అడవుల కోసం అమెరికా సైన్యం తయారు చేయించిన జంగిల్ బూట్లకు గుడ్డ పైభాగం, పక్కన నీరు కారిపోయే రంధ్రాలు పెట్టడానికి కారణం ఇదే. కాబట్టి తక్కువ ధరలో ఈ హంగు కోసం అదనంగా చెల్లించడం కన్నా, తడిసినా తొందరగా ఆరే బూటును ఎంచుకోవడం మేలు.

అలా మిగిలిన డబ్బు అడుగు మీదికి పోవాలి. అడుగులో సాధారణంగా మూడు పొరలు ఉంటాయి: నేలను తాకే రబ్బరు సోల్, అదురును మింగే మెత్తని నడిమి పొర, పాదం ఆనే ఇన్‌సోల్. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో ఆరుగురు సహచరులు ప్రాణాలు కోల్పోయిన తరువాత, విటాలే బ్రమానీ అనే పర్వతారోహకుడు లోతైన గాళ్లున్న రబ్బరు సోల్‌ను రూపొందించి 1937లో దానికి పేటెంట్ పొందాడు. ఆ సోల్‌కు పెట్టిన విబ్రం అనే పేరు ఆయన పేరులోని అక్షరాలతోనే ఏర్పడింది. నేటి ట్రెక్కింగ్ బూట్ల అడుగులన్నీ ఏదో ఒక విధంగా ఆ నమూనాకు వారసులే. చవక రకాల్లో తరచుగా రబ్బరు పొరను తీసేసి, చెప్పుల్లో వాడే ఈవీఏ అనే తేలికపాటి నురుగునే నేలకు ఆనిస్తారు. అటువంటి అడుగు చేతికి తేలికగా, కాలికి మెత్తగా తగిలి కొనేవారిని మురిపిస్తుంది గాని, సర్కారు తుమ్మ ముల్లు దానిలోంచి సులువుగా పాదానికి చేరుతుంది, చెల్క గరుకుకు గాళ్లు త్వరగా అరిగిపోతాయి. గోటితో గట్టిగా నొక్కినప్పుడు గుంట పడి నిలిచిపోతే అది నురుగని, వెంటనే సర్దుకుంటే రబ్బరని స్థూలంగా గుర్తించవచ్చు. గాళ్ల లోతు నాలుగైదు మిల్లీమీటర్లుంటే చాలు. లోతు కన్నా వాటి మధ్య ఎడం ముఖ్యం, ఎందుకంటే ఇరుకు గాళ్లలో రేగడి ఇరుక్కుని పది అడుగులకే బూటు మట్టిముద్ద అవుతుంది. బూటును ముందూ వెనుకా పట్టుకుని వంచినప్పుడు వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రమే వంగాలి. నడుమ మడత పడినా, తడిబట్టలా మెలితిరిగినా అది రాళ్ల దారికి పనికిరాదు.

పైభాగం గురించి అంత చర్చ అక్కరలేదు. తోలు పై పొరను వేరుచేయగా మిగిలిన నాసి పొర మీద ప్లాస్టిక్ పూత పూసి అసలు తోలుగా అమ్మడం ఉంది కాబట్టి, ఐరోపా పద్ధతి గుర్తులున్న జతల మీద వాటిని చూడాలి: పరిచిన జంతుచర్మం బొమ్మ తోలుకు, దానిలో డైమండ్ ఆకారపు గుర్తు ఉంటే పూత పూసిన తోలుకు, అల్లిక బొమ్మ గుడ్డకు, ఉత్త డైమండ్ ఆకారం ఇతర పదార్థాలకు సంకేతం.

కొలత కుదరకపోతే ఇవన్నీ వృథా. మన దేశంలో ఎక్కువగా వాడే బ్రిటిష్ సైజుల్లో అంకెకూ అంకెకూ మధ్య తేడా 8.5 మిల్లీమీటర్ల లోపే. కంపెనీని బట్టి అచ్చు మారుతుంది గనుక అంకెను నమ్మకుండా, పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లతో తొడిగి చూడాలి. గుట్ట దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది కాబట్టి వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు చోటుండాలి, మడమ మాత్రం లేవకూడదు. చవకగా దొరుకుతాయని కొందరు కొండలకు వాడే ఫ్యాక్టరీ సేఫ్టీ బూట్లు ఇక్కడే దెబ్బతీస్తాయి: ఐఎస్ 15298 ప్రమాణం ప్రకారం 200 జౌల్‌ల దెబ్బను తట్టుకునే వాటి ముందరి గట్టి టోపీ దిగుడులో వేళ్లను నలుపుతుంది. పైగా ఆ టోపీ బరువూ పాదం మీదే పడుతుంది, పాదం మీది బరువు వీపు మీది అంతే బరువు కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తిని తింటుందని సైనిక పరిశోధనల్లో తేలింది.

ధర విషయంలో ఒక గీత గుర్తుంచుకోదగినది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత ధర 2,500 రూపాయల వరకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను కాక 2,500 ఉన్న జత 2,625కు వస్తుంది, 2,600 ఉన్నది 3,068 అవుతుంది. అంటే ఆ 443 రూపాయల తేడాలో బూటులోకి చేరేది వందే, మిగిలినదంతా పన్ను. అందువల్ల ఆ గీతకు కాస్త పైన ఉన్న జతలు విలువ లెక్కలో వెనుకబడతాయి.

కొన్న తరువాత ఎంతకాలం నిలుస్తుందన్నది బూటును తిరిగి బాగుచేయగలగడం మీద ఆధారపడుతుంది. తంగేడు బెరడు కలిపిన నీటిలో తోళ్లను వారాల తరబడి లందలనే తొట్లలో ఊనవేసి చెప్పులు కుట్టిన తెలంగాణ మాదిగల పనితనంలో, తెగినదాన్ని మళ్లీ కుట్టుకోవడం మొదటినుంచీ భాగమే. నేటి చవక బూటు జిగురు మీద నిలబడుతుంది, ఎండకు వేడెక్కిన నేల ఆ జిగురును మెత్తబరుస్తుంది. పాలియురేతేన్ నడిమి పొరకైతే మరో జబ్బు ఉంది: గాలిలోని తేమకు అది రసాయనికంగా విడిపోతుంది కనుక, ఏళ్ల తరబడి పెట్టెలో ఉండిపోయిన కొత్త జత కూడా మొదటి నడకలోనే పొడిపొడిగా రాలిపోవచ్చు. అందుకే భారీ తగ్గింపుతో అమ్మే పాత సరుకు మీద తయారీ నెల, సంవత్సరం చూడాలి. పక్కల మీదికి అంచు ఎక్కిన రబ్బరు సోల్ ఉన్న బూటును వాడకముందే చౌరస్తాలో ఆరె, రంపె వంటి పనిముట్లు పట్టుకుని కూర్చున్న పనివారితో చుట్టూ కుట్టించుకుంటే జిగురు వదిలినా అడుగు ఊడదు. ఈవీఏ అడుగుకు మాత్రం ఈ కుట్టు పనికిరాదు. దారం నురుగును కోసుకుంటూ పోతుంది, కాబట్టి దాన్ని జిగురుతోనే మళ్లీ అతికించుకోవలసి ఉంటుంది.