రక్తం పోతున్న మనిషిని చల్లబరచాలా, వెచ్చగా ఉంచాలా?

మన బేతంచెర్లలో నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో తెలుసు కదా. బండ మీద పడినా, రాయి కోసే బ్లేడు తగిలినా నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈరోజు ఈ టాపిక్.

రక్తం బాగా పోయి గుండె ఆగిందనుకోండి. సుమారు 5 నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గాయం కుట్టడానికి ఆ టైమ్ ఎక్కడ సరిపోతుంది?

అమెరికాలో, బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ యూనివర్సిటీ డాక్టర్ శామ్యూల్ టిషర్‌మన్ టీమ్ దీనికో దారి వెతికింది. అలాంటి మనిషికి ఐసులా చల్లటి సెలైన్ ఎక్కించి, 37 డిగ్రీలుండే ఒంటిని 10–15 డిగ్రీలకు దించుతారు. అంత చలిలో మెదడుకు ఆక్సిజన్ అవసరం బాగా తగ్గిపోతుంది. సర్జన్‌కు సుమారు 2 గంటలు దొరుకుతాయని వాళ్ల లెక్క. ఆపరేషన్ అయ్యాక మెషిన్ పెట్టి, రక్తం ఎక్కిస్తూ మెల్లగా వేడి చేస్తారు. మనుషుల మీద మొదలుపెట్టామని 2019లో చెప్పారు. గుర్తుంచుకోండి, ఇది ప్రయోగం, మామూలు వైద్యం కాదు.

ఇది విని దెబ్బ తగిలినోళ్ల మీద ఐసు పెట్టేరు, నీళ్లు పోసేరు. వద్దు! గుండె కొట్టుకుంటున్న మనిషికి చలి శత్రువు. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, ఇంకా కారిపోతుంది. మన ఎండల్లో కూడా అంతే, రక్తం పోయిన ఒళ్లు చల్లబడుతుంది.

మరి ఏం చేయాలి? వెంటనే 108కి ఫోన్ చేయించండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికీ తీసి చూడొద్దు. తడిబట్టలుంటే తీసేసి దుప్పటి కప్పండి.

గనుల్లో పనికి పోయే మీవాళ్లకు ఈ వీడియో తప్పకుండా పంపండి.