పేరొకటే, నివాసాలు రెండు

తెలుగులో కుందేలు అనే ఒక్క మాటకు నిజానికి రెండు వేర్వేరు జంతువులున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్టభూముల్లో, తుప్పల్లో, జీడితోటల్లో తిరిగే అడవి కుందేలు ఒకటి. పల్లెల్లో దీన్నే చెవులపిల్లి అంటారు. ఇళ్లలో, ఫారాల్లో పెంచే కుందేలు రెండోది. ఒకే కుటుంబానికి చెందినవే అయినా ప్రజాతులు వేరు కావడం వల్ల ఈ రెండింటికీ సంకరం పుట్టదు.

మెడ వెనుక నల్లమచ్చ ఉండడం వల్ల చెవులపిల్లికి శాస్త్రజ్ఞులు ‘నల్లని మెడ గలది’ అనే అర్థం వచ్చేలా లెపస్ నైగ్రికోలిస్ అని పేరు పెట్టారు. ఇది బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు మొదట్లోనో, పొద నీడనో తన ఒంటి బరువుతోనే నేల అణిగి ఏర్పడిన చిన్న గుంత దీని పడక. అందులో చెవులు వీపుకు ఆనించి, ఎండుగడ్డిలో కలిసిపోయి పగలంతా కదలక మెదలక ఉంటుంది, మనిషి దాదాపు కాలు మోపేంత దగ్గరకు వచ్చినప్పుడే ఒక్క ఉదుటున లేచి పరుగెత్తుతుంది. చీకటి పడ్డాకే మేతకు చేలలోకి దిగుతుంది.

పెంపుడు కుందేళ్ల పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. అవి నేలలో సొరంగాలు తవ్వుకొని గుంపులుగా బతికేవి. దాదాపు 30 రోజుల గర్భం తరువాత పుట్టే పిల్లలకు బొచ్చు ఉండదు, కళ్లు తెరుచుకోవు. వాటిని కాపాడేది బొరియలోని వెచ్చదనమే. అందుకే ఈనబోయే పెంపుడు కుందేలుకు గూట్లో చీకటిగా ఉండే పెట్టె అమర్చాలి, అప్పుడది తన పొట్ట మీది బొచ్చు పీకి అందులో పరుచుకుంటుంది. బహిరంగంగా పుట్టే చెవులపిల్లి కూనకు ఆ రక్షణ లేదు కనుకనే అది ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది.

చల్లని బొరియకు అలవాటుపడిన వంశం కావడం వల్ల, చెమట పట్టే శరీరం కాకపోవడం వల్ల, 30 డిగ్రీలు దాటిన వేడి పెంపుడు కుందేలుకు కష్టమవుతుంది. చెవుల్లోని రక్తనాళాల ద్వారా కొంత వేడి బయటకు పోయినా, కోస్తా వేసవిలో అది చాలదు. కాబట్టి రేకుల కప్పు కింద కాక, గాలి ఆడే తాటాకు పాకలో గూడు కట్టి, పక్కన తడి గోనెసంచులు వేలాడదీయడం మేలు. ఇనుప వల అడుగు మీదే రోజంతా నిలబడితే పాదాలు పుండ్లు పడతాయి. ఒక చెక్కపలక వేస్తే ఆ బాధ తప్పుతుంది.

చెవులపిల్లిని మాత్రం గూట్లో పెట్టకూడదు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడడం, పట్టుకోవడం నేరం. చేలో గడ్డిచాటున ఒంటరిగా కనిపించే కూన తల్లి లేనిదని జాలిపడి ఇంటికి తెచ్చేవారున్నారు. శత్రువులకు జాడ తెలియకుండా తల్లి పగలు దూరంగా ఉండి, పొద్దువాలాక వచ్చి పాలిస్తుంది. అందువల్ల అటువంటి కూన కంటపడితే దాన్ని ముట్టుకోకుండా, కుక్కలను అటు పోనీయకుండా, ఉన్నచోటనే వదిలి వెళ్లాలి.