మెట్ల దగ్గర గేటు

పాప పాకడం నేర్చింది. ఇంట్లో అందరికీ సంతోషమే. తల్లికి మాత్రం భయం పట్టుకుంది. పాప ఒక చోట నిలవదు. ఇప్పుడు పొయ్యి దగ్గర ఉంటుంది. చూసేసరికి గడప దగ్గర ఉంటుంది. అటు తిరిగి ఇటు చూసేలోగా మెట్ల దగ్గరికి చేరుతుంది.

అలాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. అది డాబా ఇల్లు. వీళ్లు ఉండేది మేడ మీద. గది దాటగానే కిందికి మెట్లు. కోడలు ఫోనులో వెతికి ఒక గేటు చూసింది. తెల్లగా, ముచ్చటగా ఉంది. "గోడకు రంధ్రాలు వేయనక్కర లేదు. అయిదు నిమిషాల్లో బిగించవచ్చు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"అత్తయ్యా, ఇది తెప్పిద్దామా?" అని అడిగింది కోడలు.

అత్త ఈ మధ్యనే చదవడం నేర్చింది. ఏది కనిపించినా చదువుతుంది. "ఉండమ్మాయ్, కింద ఇంకా ఏదో రాసి ఉంది" అంది. ఫోను దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "మెట్ల పైభాగాన వాడరాదు."

"ఇదేమిటే! మనకు కావలసింది మెట్ల పైనే కదా!" అంది అత్త.

కోడలు ఆర్డరు పెట్టకుండా ఆగిపోయింది. అలా ఎందుకు రాశారో తెలిస్తే, ఏ గేటు కొనాలో కూడా తెలుస్తుంది.

గేట్లు రెండు రకాలు

మొదటిది బిగింపు గేటు. దీనికి రెండు పక్కలా తిప్పే బోల్టులు ఉంటాయి. తిప్పితే అవి బయటికి వచ్చి గోడలను నొక్కుతాయి. ఆ నొక్కుడు మీదే గేటు నిలబడుతుంది. చాలా గేట్లకు అడుగున ఒక అడ్డ కమ్మి కూడా ఉంటుంది. తలుపు తెరిచినా ఆ కమ్మి నేల మీదే ఉంటుంది.

రెండవది స్క్రూల గేటు. దీన్ని గోడకు గానీ, ద్వారబంధానికి గానీ స్క్రూలతో బిగిస్తారు. దీనికి రంధ్రాలు వేయక తప్పదు. చాలా వాటికి అడుగున అడ్డ కమ్మి ఉండదు.

మెట్ల పైన ఉండవలసింది స్క్రూల గేటే. దీనికి కారణాలు రెండు.

ఒకటి: బిగింపు గేటు వాడగా వాడగా వదులవుతుంది. తలుపు వేసినప్పుడల్లా, పిల్ల పట్టుకుని ఊపినప్పుడల్లా బోల్టు కొంచెం జరుగుతుంది. గోడ సున్నం రాలితే ఇంకా వదులవుతుంది. ఒకనాడు పిల్ల ఆనుకుంటుంది. గేటు, పిల్ల కలిసి మెట్ల మీద పడతాయి.

రెండు: అడుగున ఉన్న కమ్మి. పిల్లను చంకన వేసుకుని, చేతిలో గిన్నె పట్టుకుని నడిచే తల్లికి ఆ కమ్మి కనిపించదు. కాలు తగిలితే తల్లీ బిడ్డా ఇద్దరూ దొర్లిపోతారు.

మరి బిగింపు గేటు పనికిరాదా? పనికి వస్తుంది. రెండు గదుల మధ్య, వంటగది గుమ్మంలో, పడితే లోతు లేని చోట వాడవచ్చు. దానితో పాటు గోడకు అంటించే గిన్నెల్లాంటి బిళ్లలు వస్తే, వాటిని తప్పక పెట్టాలి. బోల్టు జరగకుండా పట్టి ఉంచేవి అవే. చాలామంది వాటిని పెట్టెలోనే వదిలేస్తారు.

బొమ్మలో కనిపించనివి

ఫోనులో బొమ్మ చూస్తే అన్ని గేట్లూ బాగానే ఉంటాయి. బొమ్మలో బలం కనిపించదు. కొలత కనిపించదు. అందుకే చదవాలి.

సందులు: కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకుండా ఉంటే మంచిది. అంటే దాదాపు నాలుగు వేళ్ల వెడల్పు. సందు పెద్దదైతే పిల్ల ఒళ్లు దూరుతుంది, తల దూరదు. ఒళ్లు అటు జారి, మెడ ఇరుక్కుంటే ఊపిరి ఆడదు. గేటుకూ నేలకూ మధ్య, గేటుకూ గోడకూ మధ్య సందు కూడా ఇలాగే చూడాలి.

కమ్మీలు: నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే పిల్లలకు అవే మెట్లు. ఎక్కి అవతలికి దూకుతారు.

పైఅంచు: నున్నగా, సమంగా ఉండాలి. చెక్క పట్టీలు కత్తెర లాగా ముడుచుకునే పాతకాలపు గేట్లు ఉండేవి. వాటి పైఅంచున కోణాల్లో పిల్లల తలలు, మెడలు ఇరుక్కుని ప్రాణాలు పోయాయి. అందుకే అమెరికాలో 1985లో అలాంటి గేట్ల తయారీ మానేశారు. ఎవరైనా పాతది ఇస్తామన్నా తీసుకోకూడదు.

వల గేట్లు: గుడ్డ వలను కొక్కేలకు తగిలించేవి చవకగా వస్తాయి. వల సాగుతుంది. పిల్ల కింద నుంచి దూరుతుంది. మెట్ల దగ్గర వీటిని నమ్మకూడదు.

గుర్తు చూసి నమ్మవచ్చా?

పిల్లల ఆటబొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గేటు ఆటబొమ్మ కాదు. ఆ నియమం చూసుకుని గేటును నమ్మకూడదు.

అమెరికాలో పిల్లల గేట్లకు 2021 నుంచి చట్టం ప్రకారం పరీక్షలు ఉన్నాయి. దాదాపు పదమూడున్నర కిలోల బలంతో నెట్టినా గేటు చోటు వదిలి రాకూడదు. ఐరోపా దేశాల ప్రమాణం పేరు ఇ.ఎన్. 1930. కొన్ని గేట్ల మీద ఈ పేరు ఉంటుంది. ఫోనులో రాసి ఉంటే చాలదు. పెట్టె మీదా, గేటు మీదా కూడా ఉందేమో చూడాలి. తయారు చేసినవారి పేరు, చిరునామా కూడా ఉండాలి. పేరూ ఊరూ లేని సరుకుకు జవాబు చెప్పేవారు ఉండరు.

కొనే ముందు

టేపుతో కొలవాలి. దారి వెడల్పును కింద, మధ్యన, పైన మూడు చోట్లా కొలవాలి. గోడలు అన్నీ సమంగా ఉండవు. గేటు ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దాకా సరిపోతుందో చదవాలి. చాలకపోతే వేరే గేటు చూడాలి. వేరే కంపెనీ ముక్కను కలిపి అతుకు వేయకూడదు.

చుక్కలు లెక్కపెడితే చాలదు. కొన్నవాళ్లు రాసిన మాటలు చదవాలి. ముఖ్యంగా ఒక చుక్క ఇచ్చినవాళ్లవి. "వదులైంది", "గడియ పడటం లేదు", "పిల్ల తోస్తే ఊడింది" అని ఉంటే ఆ గేటు వద్దు.

మన ఊళ్లలో చాలా డాబాలకు మెట్లు బయట ఉంటాయి. ఒక పక్క గోడ ఉంటుంది. రెండో పక్క ఏమీ ఉండదు. అక్కడ కొన్న గేటు నిలవదు. ముందు మెట్ల పక్కన పిట్టగోడో, కమ్మీలో కట్టించాలి. ఆ తరువాతే గేటు. వెల్డింగు షాపులో కూడా గేటు చేయించుకోవచ్చు. అప్పుడూ కొలతలు ఇవే: నిలువు కమ్మీలు, చిన్న సందులు, నున్నని అంచులు, పిల్లకు అందని గడియ.

బిగించాక

మెట్ల పైన గేటు తలుపు మెట్ల వైపు తెరుచుకోకూడదు. ఇంటి వైపే తెరుచుకోవాలి. స్క్రూలు ఉత్త ప్లాస్టరులో కాకుండా, గట్టి ఇటుకలోకో చెక్కలోకో దిగాలి. చేతకాకపోతే మేస్త్రీనో వడ్రంగినో పిలవాలి. బిగించాక గట్టిగా నెట్టి, లాగి, ఊపి చూడాలి. వారానికి ఒకసారి అలా చూడాలి.

పెద్దవాళ్లు గేటు మీది నుంచి దాటకూడదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు అసలే దాటకూడదు. తెరవాలి, వెళ్లాలి, మూయాలి.

పిల్లకు రెండేళ్లు వచ్చేసరికి గేటు ఎక్కడం వస్తుంది. ఎక్కడం మొదలు పెడితే ఆ గేటు తీసేయాలి. ఎక్కే పిల్ల ఇంకా ఎత్తు నుంచి పడుతుంది.

చెడ్డ సరుకు వస్తే

పెట్టె విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయాలి. బిల్లు దాచాలి. విరిగిన సరుకు వచ్చినా, చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. 2020లో వచ్చిన ఆన్‌లైన్ అమ్మకాల నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి. నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. అప్పటికీ న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న సరుకు ధర 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ ఫీజు లేదు.

గేటు కాపలా మనిషి కాదు

ఎంత మంచి గేటైనా తల్లి కంటికి సాటి రాదు. గేటు కొంచెం సమయం ఇస్తుంది, అంతే. గంజి వార్చేంత సేపు, తలుపు తీసి వచ్చేంత సేపు. గేటు ఉంది కదా అని నీళ్ల తొట్టికి మూత మరిచిపోకూడదు.

ఆ ఇంట్లో చివరికి స్క్రూల గేటు తెప్పించారు. మేస్త్రీ వచ్చి బిగించాడు. అత్త రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసింది. గేటు కదలలేదు. పాప పాక్కుంటూ వచ్చి కమ్మీలు పట్టుకుని లేచి నిలబడింది. అవతల మెట్లు ఉన్నాయి. ఇవతల పాప ఉంది.

"చిన్న అక్షరాలే ముందు చదవాలమ్మాయ్" అంది అత్త.

గుర్తుంచుకోవలసినవి

మెట్ల పైన స్క్రూల గేటే పెట్టాలి.
కమ్మీలు నిలువుగా ఉండాలి. సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు.
కొలిచి కొనాలి. చదివి కొనాలి.
వారం వారం ఊపి చూడాలి.
ఫిర్యాదుకు 1915.