కౌలు పొలం ఖాళీ చేయమంటే? ప్రకృతి సాగు చేసే కౌలు రైతు ముందే చూసుకోవాల్సినవి



నేను రెండెకరాలు నోటి మాట మీద కౌలుకి తీసుకుని మూడేళ్లు చేశాను. మొదటి ఏడాది నేల బండలా ఉండేది. ఏటా తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, ఘనజీవామృతం వేసి, నెలకి రెండుసార్లు జీవామృతం పారించాను. మూడో ఏడాదికి చేత్తో మట్టి తీస్తే వానపాములే. అప్పుడు ఆసామి వచ్చి, "నేల బాగా తయారైంది అబ్బాయ్, వచ్చే ఏడు మేమే చేసుకుంటాం" అన్నారు. "సరే బాబాయ్ గారూ" అని వచ్చేశాను. పొలం ఆయనది, అడిగే హక్కు ఆయనకుంది. కాగితం రాసుకోకపోవడం నా తప్పు. ఆ తర్వాత తెలుసుకున్నవి చెప్తాను.

మొదటిది, కార్డు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. యజమాని, కౌలుదారు ఇద్దరూ 11 నెలల ఒప్పందం మీద సంతకం పెడితే సాగుదారు కార్డు ఇస్తారు. పంట రుణం, బీమా, పంట నష్ట పరిహారం అడగడానికి అదే ఆధారం. "సంతకం పెడితే పొలం పోతుందేమో" అని చాలామంది ఆసాములు భయపడతారు. ఈ కార్డు పంట మీదే హక్కు ఇస్తుంది, భూమి మీద కాదు. ఆ మాట వాళ్లకి ఓపిగ్గా చెప్పండి.

రెండోది, గడువు. మన సాగులో నేల తేరుకోవడానికే రెండు మూడేళ్లు కావాలి, 11 నెలలు ఏ మూలకి? కానీ 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన కౌలు పత్రం రిజిస్టర్ చేయించాలి. తెల్ల కాగితం మీద మూడేళ్లు అని రాసుకుంటే, ఆ గడువుకి కోర్టులో అది సాక్ష్యంగా నిలబడదు. ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకుని రిజిస్టర్ చేయించుకోవడం మేలు.

మూడోది, బలవంతంగా దింపేస్తే? పొలం తనదే అయినా, పంట మీదున్న కౌలుదారుని ఆసామి దౌర్జన్యంగా గెంటేయకూడదు. 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ కింద 6 నెలల్లోపు సివిల్ కోర్టుకి వెళ్తే, స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగొచ్చు. అందుకే కౌలు కట్టిన రసీదులు, తేదీతో పొలం ఫొటోలు దాచుకోండి. అలాగే ఆసామికీ హక్కులున్నాయి. కౌలు సమయానికి కట్టాలి, గడువు తీరాక పొలం అప్పగించాలి. మొండికేసి కూర్చుంటే రేపు ఊళ్లో ఇంకో కౌలుదారుకి పొలం పుట్టదు.

కాగితంలో ఇవి తప్పకుండా రాయండి:
- సర్వే నంబరు, విస్తీర్ణం, మొదలు, ముగింపు తేదీలు
- కౌలు ఎంత, డబ్బా బస్తాలా, ఎప్పుడు కట్టాలి
- వదిలేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి
- గడువు తీరేసరికి పంట చేలో ఉంటే కోసుకునేది ఎవరు
- గట్ల మీద నాటిన చెట్లు, బోరు మరమ్మతు ఖర్చు ఎవరివి

తెలంగాణ మిత్రులకి 2019 చట్టం వర్తించదు. రిజిస్ట్రేషన్, ఆరో సెక్షన్ మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే.

ఇప్పుడు నేను చేసే పొలానికి మూడేళ్ల రిజిస్టర్డ్ పత్రం ఉంది. అది రాసుకున్నాకే మొదటి డ్రమ్ము జీవామృతం కలిపాను. పత్రంలో ఒక్కో షరతు ఎలా రాయించుకున్నానో వీడియోలో చూపించాను, చూడండి. మీ ఊళ్లో కౌలుకి చేసేవాళ్లకి కూడా పంపండి.