వెనక కుంగిన అంబాసిడర్

మిల్లు లెక్క తేలినాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి పాత అంబాసిడర్ కొన్నాను. ఇంట్లో తిట్లు పడ్డాయి. కానీ మన లైన్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని తిరువళ్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నా ఆ బండే పోయేది. అందుకే దాని సంగతి రాస్తున్నాను.

మన తిరువళ్లూరు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో 1998 నుంచి లాన్సర్ కార్లు చేశారు. అంబాసిడర్ మాత్రం బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారయ్యేది, 2014లో ఆగిపోయింది. దీనికి వెనక చక్రాల మీద కమాన్ కట్టలుంటాయి, ఎద్దుబండికి కూడా అమరుస్తారే అలాంటి ఉక్కు పట్టీలు. ఏళ్ల తరబడి బరువు మోసి అవి చదునైపోతాయి. నా బండిలో వెనక ముగ్గురు కూర్చుంటే చాలు, స్పీడ్‌బ్రేకర్ మీద సైలెన్సర్ గీసుకునేది. ఒకసారి నిండు చూలాలిని తీసుకుపోతుంటే ఆ దెబ్బకు ఆ పిల్ల అమ్మా అని అరిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి వారం ఒక షెడ్డుకు పోయాను. అతను ఒక్కో కట్టకు రెండేసి పట్టీలు అదనంగా వేశాడు. బండి వెనక బాగా లేచింది, చూసి మురిసిపోయాను. కానీ ఖాళీగా పోతే గుండ్రాయి మీద కూర్చున్నట్టు ఎగిరేది. రాత్రి లైట్లు రోడ్డుకు దూరంగా పడక ముందు చక్రాల దగ్గరే పడేవి. బ్రేకు గొట్టం బిగుసుకుపోయి లాగుతున్నట్టుంది. అది తెగితే ఏమయ్యేది!

తిరుత్తణిలో ఒక ముసలి కమ్మరి చూసి నవ్వాడు. ముందు టేపు పెట్టి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలిచాడు. మిల్లులో ఫిట్టర్ లెవెల్ చూడకుండా ఫ్రేము ముట్టడు కదా, అలాగే. ఒక వైపు పట్టీ విరిగుందని అప్పుడే తెలిసింది. ఎక్కించిన పట్టీలు తీసేసి, విరిగినదాన్ని మార్చి, చదునైన వాటికి చల్లగానే సుత్తితో వంపు తెచ్చాడు. "ఎర్రగా కాల్చి వంచితే పదును పోతుంది నాయినా, మళ్లీ సరిగ్గా పదును పెట్టకపోతే విరుగుతుంది" అన్నాడు. పాత రబ్బరు బుష్‌లు మార్పించాడు. వాటి బోల్టులు బండి నేల మీద నిలిచినాకే గట్టిగా బిగించాడు. యూ బోల్టులు కొన్నాళ్లు తిరిగినాక మళ్లీ బిగించుకోమన్నాడు. మీలో ఎవరైనా చేయించుకుంటే ఒక్క జాకీ నమ్మి కిందకు దూరవద్దు, చెక్కదిమ్మలు పెట్టండి.

మొన్న ఆడికృత్తికకు ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుత్తణి కొండకు పోయాం. వెనక నలుగురు, ఒడిలో మనవరాలు. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా మా ఇంటామె పళ్లు బిగబట్టేది. ఎక్కడా గీసుకోలేదు. ఆ చూలాలి బిడ్డకు ఇప్పుడు రెండేళ్లు, బండి చూస్తే హారన్ కొట్టమని ఏడుస్తాడు.