పాత ఇల్లు కొంటున్నరా? బయానా కంటే ముందు పరీక్ష



మన షోలాపూర్ తూర్పు భాగంలో ఏ గల్లీల కూసున్నా ఈ మధ్య ఒకటే ముచ్చట వినవడుతున్నది. "రిటైర్ అయిన. పీఎఫ్ పైసలు వచ్చినయి. ఊర్ల ఒక పాత ఇల్లు కొనుక్కొని ఆడనే ఉంటా" అంటున్నరు. మన తాతలు నల్లగొండ, వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పనికి, మిల్లు పనికి ఇక్కడికి వచ్చిండ్రు. మనం చాళ్ళల్ల పదడుగుల ఖోలీల పిల్లలను పెంచినం. ముసలితనంల ఇంత అరుగు, ఇంత వాకిలి, ఒక యాప చెట్టు కావాలని మనసుకు ఉంటది. తప్పు లేదు. నాకూ ఉండె. ఆ కోరికతోనే ఒకసారి 50 వేలు పోగొట్టుకున్న. రెండోసారి తెలివి తెచ్చుకున్న. ఆ రెండు సంగతులు మీకు చెప్దామని రాస్తున్న. నేను చదివింది నాలుగో తరగతే. తప్పులుంటే మన్నించండి.

మొదటి ఇల్లు

నేను మిల్లుల ఎక్కువ కాలం ఫోల్డింగ్ ఖాతాల పని చేసిన. తాను బల్ల మీద పరిచి, వెలుతురుకు పెట్టి, పడుగు పోగు తెగిందా, పేక దప్పిందా, నూనె మరక పడ్డదా అని చూసుడే నా పని. దోషం ఉన్న తాను నా చెయ్యి దాటి పోకపోయేది.

అసుంటి నేను ఇల్లు చూడబోయింది ఎట్లా? రాత్రి బస్సుకు పోయిన. పొద్దుగాల చాయ తాగి పావుగంటల ఇల్లు తిరిగిన. కొత్తగా సున్నం ఏసిండ్రు, దర్వాజకు రంగు ఏసిండ్రు, తళతళ మెరుస్తున్నది. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నది" అన్నడు మధ్యవర్తి. జేబుల నుంచి 50 వేలు తీసి బయానా ఇచ్చిన. అది ఏప్రిల్ నెల.

జూన్ల రెండు వానలు పడ్డయి. ఎనుక గోడ సగం కూలింది. పోయి చూస్తే లోపల అంతా మట్టి గోడ, పైన సిమెంటు గిలాబు. సున్నం ఏసింది చెమ్మ మరకలు కనవడకుండ. బయానా వాపస్ అడిగితే "నేను కొనమని బతిమిలాడిన్నా? చూసుకునే గద ఇచ్చినవు" అన్నడు అమ్మినాయన. కాయితం మీద నాకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. పైసలు రాలేదు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ చాలా సేపు ఏం అనలేదు. తర్వాత ఒకటే మాట అన్నది: "ముప్పై ఏండ్లు మిల్లు బట్టల దోషం చూసినవు. మన పైసలు పెట్టేకాడ కండ్లు మూసుకున్నవు." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది.

రెండో ఇల్లు

రెండేండ్లకు మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు అమ్మకానికి వచ్చింది. పెదనాయన పోయిండు. కొడుకు భివండిల స్థిరపడ్డడు. రాతి గోడల ఇల్లు, మీద బంగ్లపెంకలు, నడుమ వాకిలి, నాలుగు అర్రలు. నేను చిన్నప్పుడు ఆడుకున్న ఇల్లే. 9 లక్షలు అన్నరు.

ఈసారి "బయానా తర్వాత, ముందు పరీక్ష చేయిస్త" అన్న. తమ్మునికి కోపం వచ్చింది. "మా మీద నమ్మకం లేదా అన్నా? మనం మనం గదా" అన్నడు. నాకు కూడా నోరు పెగలలేదు. మన దగ్గర ఇదే పెద్ద అడ్డం. దగ్గరోళ్ళ ఇల్లు పరీక్ష చేయిస్తే అవమానం అనుకుంటరు. అప్పుడు పెద్దమ్మనే అన్నది: "చూసుకోనియ్యి రా. పిల్లనిచ్చేటప్పుడు ఇల్లూ వాకిలీ చూడమా? అది నమ్మకం లేక చూస్తమా?" దాంతోని పని సాఫ్ అయింది.

మీరు కూడా ఇట్లనే చెప్పండి. పరీక్ష మనిషికి కాదు, గోడకు, కట్టెకు. అమ్మేటోనికే తన దూలంల చెదలు ఉన్నయని తెల్వకపోవచ్చు.

ఎవరితో చేయించాలె

మధ్యవర్తి తెచ్చిన మేస్త్రీతో వద్దు. అమ్మేటోని మనిషితో వద్దు. అమ్మకంల ఏ వాటా లేని మనిషి కావాలె. నేను జిల్లా కేంద్రం నుంచి ఒక సివిల్ ఇంజనీరును పిలిచిన. పాత మట్టి ఇండ్లు, రాతి ఇండ్లు తెలిసినోడా కాదా అని ముందే అడిగిన. స్లాబు ఇండ్లు మాత్రమే తెలిసినోడు వస్తే "ఇదంతా కూలగొట్టు" అనే చెప్తడు. ఆయనకు తోడు ఒక ముసలి మేస్త్రీని, ఒక వడ్లాయనను పెట్టిన. ఇంజనీరుకు 7,000, మేస్త్రీకి 1,500, వడ్లాయనకు 1,000, నిచ్చెన మోసి పెంకలు తీసిన కూలీకి 800. మొత్తం 10,300. మొదటిసారి పోగొట్టుకున్నదాంట్ల ఐదో వంతు.

పొద్దుగాల 8 గంటల నుంచి సాయంత్రం 4 దాకా చూసిండ్రు. పావుగంట కాదు. వాళ్ళు ఏం చూసిండ్రో చెప్త, మీకు పనికొస్తది.

గోడలు

మొదలు మేస్త్రీ ప్రతి గోడకు గుండు తూకం ఏసిండు. గోడ ఒరిగిందా, నడుమ కడుపు వచ్చిందా తెలుస్తది. రాతి గోడకు కడుపు వచ్చిందంటే లోపల ఒక పొర, బయట ఒక పొర విడిపోతున్నయని అర్థం. ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పట్టే పొడుగు రాళ్ళు అక్కడక్కడ పెట్టకపోతే అట్లయితది. 1993 సెప్టెంబర్ 30 తెల్లారుజామున కిల్లారి భూకంపం మనలో పెద్దోళ్ళకు యాదికి ఉంటది. షోలాపూర్‌ల మంచాలు ఊగితే మనం రోడ్ల మీదికి ఉరికినం. అక్కడ దగ్గర దగ్గర 10 వేల మంది పోయిండ్రు. మట్టి అడుసుతో కట్టిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు మనుషుల మీద పడ్డయి. రాయి గట్టిదే. రాయిని రాయిని పట్టి ఉంచేది గట్టిగ లేకపోతే ఏం ఫాయిదా?

తర్వాత నెర్రెలు చూసిండ్రు. గిలాబుల సన్న వెంట్రుక లెక్క ఉన్నదానికి భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగ పోయి, వేలు పట్టేటంత వెడల్పు ఉంటే పునాది కుంగిందేమో చూడాలె. మా దిక్కు నల్లరేగడి భూమి ఉన్నకాడ ఈ బాధ ఎక్కువ. ఆ నేల వానకు ఉబ్బుతది, ఎండకు ముడుచుకుంటది, గోడను ఏటా ఊపుతది. ఇంజనీరు ఒక నెర్రె మీద చిన్న అద్దం ముక్క సిమెంటుతో అతికిచ్చి తారీఖు రాసిండు. నెర్ర కదిలితే అద్దం పగులుతది. మూడు నెలలకు పోయి చూసినం, పగల్లేదు. అది పాత నెర్రె, ఆగిపోయింది.

చెమ్మ చూసుడు ముఖ్యం. నేల నుంచి మోకాలెత్తు దాకా గోడ మీద తెల్లగ ఉప్పు పొంగుతదా, సున్నం పొట్టు లేస్తదా చూడాలె. మట్టి గోడకు, రాతి గోడకు సున్నం గిలాబు ఉంటే లోపలి చెమ్మ మెల్లగ బయటికి పోతది. సిమెంటు గిలాబు ఏస్తే అది బయటికి పోలేదు, లోపలనే ఉండి గోడను మెత్త చేస్తది. నా మొదటి ఇల్లు కూలింది దాంతోనే. పెద్దమ్మ ఇంట్ల కూడా ఎనుక గోడకు ఎప్పుడో సిమెంటు ఏయించిండ్రు. అది తీసి మళ్ళ సున్నం ఏయాలని రాసిండు.

దూలాలు, పెంకలు

వడ్లాయన నిచ్చెన ఎక్కి ప్రతి దూలాన్ని సుత్తితో కొట్టి విన్నడు. గట్టి కట్టె ఖంగుమంటది, పుచ్చింది బొద్దుగ పలుకుతది. దూలం నడుమ కంటే గోడల దూరిన కొసల దగ్గర ముందు పుచ్చుతది, చెమ్మ ఆడనే తగులుతది కాబట్టి. ఆ కొసల్ల సన్న ఉలి పెట్టి పొడిచి చూసిండు. 11 దూలాల్ల 2 దూలాల కొసలకు ఉలి వెన్నల దిగినట్టు దిగింది. కింద నుంచి చూస్తే నల్లగ నిగనిగలాడుతున్నయి. ఎవరనుకుంటరు?

గోడ మీద మట్టి గీతలు కనవడితే అవి చెదల దారులు. కట్టె కింద పిండి లెక్క పొడి రాలితే పుప్పి పురుగు. పెంకలు నాలుగు చోట్ల తీపిచ్చి కింద వాసాలను, రీపర్లను చూసిండ్రు. కిందికి వెలుతురు పడే సందులున్నకాడ వానకు నీళ్ళు కూడా పడ్తయి.

ఇంటికి తర్వాత కలిపిన స్లాబు గది ఉంటే దాన్ని కూడా సుత్తితో కొట్టాలె. బోలుగ పలికినా, పెచ్చులూడి చువ్వలు తుప్పుతో కనవడినా అది ఖర్చే. పాత వైరింగు, ఎర్తింగు సంగతి ఎలక్ట్రీషియన్‌కు చూపియ్యాలె.

నీళ్ళు, నేల

ఇది చాలామందికి తట్టదు. ఊర్ల సీసీ రోడ్డు ఏసినప్పుడల్లా పాతదాని మీదనే ఏస్తరు. రోడ్డు లేస్తది, ఇల్లు ఆడనే ఉంటది. పెద్దమ్మ ఇంటి ముందు రోడ్డు దర్వాజ గడప కంటే 5 అంగుళాలు మీదికి వచ్చింది. సన్న పైపుల నీళ్ళు పోసి మట్టం పట్టి చూపిచ్చిండు మేస్త్రీ. వాన పడితే నీళ్ళు ఎటు పోతయి? వాకిట్లకే. మోరీ తిప్పి తీయాలని రాసిండు.

ముసలోళ్ళను అడగండి. ఏ ఇంజనీరుకూ తెల్వనిది వాళ్ళకు తెలుస్తది. "నడిమి అర్ర కింద జొన్నల పాతర ఉండె, మీ పెదనాయన మట్టి పోసి పూడ్చిండు" అని పెద్దమ్మ చెప్పింది. కర్రతో కొడితే నిజంగనే బోలుగ మోగింది. పూడ్చిన బావి, పాతర, చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎంతదాకా వచ్చినయి, పక్క గోడ ఉమ్మడిదా సొంతమా, ఇవన్నీ అడగాలె. ఉమ్మడి గోడ అయితే రేపు మీరు దూలం మార్చాలన్నా పక్కోని మాట కావాలె.

కాయితం

నోటితో చెప్తే మర్చిపోతం. ఫోటోలతో కాయితం మీద రాయించుకోవాలె. మూడు భాగాలు అడగండి: వెంటనే చేయాల్సినవి, ఏడాదిల చేయాల్సినవి, ఆగినా ఫరవాలేనివి. ప్రతిదానికి అందాజ ఖర్చు. ఇంకోటి, చూడలేకపోయినవి ఏవో కూడా రాయమనండి. మా ఇంట్ల ఒక అర్రకు తాళం ఉండె, తాళం చెవి భివండిల ఉండె. "ఈ గది చూడలేదు" అని ఇంజనీరు రాసిండు. నేను పట్టించుకోలేదు. కొన్నంక తీసి చూస్తే అందుల వాసాలన్నీ చెదలు తిన్నయి. 30 వేలు ఎక్కువైంది. ఆ తప్పు నాదే.

మొత్తం మరమ్మతు 2 లక్షల 60 వేలు అని లెక్క తేలింది. కాయితం తమ్మునికి చూపిచ్చిన. వాడు కూడా వడ్లాయనతో నిచ్చెన ఎక్కి ఉలి దిగుడు చూసిండు. మాట మాట అనుకోకుండ 7 లక్షల 25 వేలకు ఒప్పుకున్నడు. బయానా కాయితంల కూడా "పుచ్చిన దూలాల సంగతి ఇద్దరికీ తెలుసు" అని రాసుకున్నం. రేపు పిల్లల నడుమ లొల్లి ఉండదు.

చట్టం సంగతి ఒక ముక్క. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం అమ్మేటోడు తనకు తెలిసిన పెద్ద దోషం, కొనేటోడు మామూలు జాగ్రత్తతో చూసినా దొరకనిది, దాచకుండ చెప్పాలె. అంటే చూస్తే దొరికేది చూసుకునే పని మనదే. కోర్టుకు పోయి నిరూపించే కష్టం కంటే నిచ్చెన ఎక్కుడు సులువు. ఈసీ, పంచాయతీ ఇంటి పన్ను, వారసుల సంతకాలు వేరే సంగతి. అవి కూడా విడిచిపెట్టొద్దు. కాని కాయితాలు మంచిగున్న ఇల్లు కూడా మీద పడొచ్చు.

చివరి మాట

వీలైతే ఇంటిని రెండుసార్లు చూడండి. నడి ఎండకాలంల ఒకసారి, నెర్రెలు అప్పుడు విచ్చుకుంటయి. వాన పడ్డ తెల్లారి ఒకసారి, చెమ్మ అప్పుడు దాగదు. కొత్త సున్నం కనవడితే సంతోషపడకండి, ఎందుకేసిండ్రో అడగండి. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నది" అంటే రానియ్యండి.

ఇంకో సంగతి. పరీక్షల ఇల్లు బాగలేదని తేలి మీరు కొనకపోతే, ఆ 10 వేలు వేస్ట్ అయినయని బాధపడొద్దు. ఫోల్డింగ్ ఖాతాల దోషం ఉన్న తాను పక్కకు తీస్తే ఆ రోజు పని పోయినట్టా? అదే గద మన పని.

మన పైసలు ఎట్లా వచ్చినయో మనకు తెలుసు. రాత్రి పాళీలల్ల నిద్ర కాచి, ఊపిరితిత్తుల్ల పత్తి దుమ్ము నింపుకొని సంపాదించిన పైసలు. ఒక్కసారే వస్తయి, మళ్ళ రావు.

పోయిన శ్రావణంల మూడు రోజులు ముసురు పట్టింది. నేను, మా ఆవిడ ఊర్లనే ఉన్నం. రాత్రి లేచి టార్చి పట్టుకొని అన్ని అర్రలు తిరిగి చూసిన. ఎక్కడా చుక్క పడలేదు. "పండుకో, ఇంక ఎన్నిసార్లు చూస్తవు" అన్నది ఆమె. ఇంకోసారి దూలాల కొసలు చూసి పండుకున్న.